అత్తయ్యగారు తిప్పేసిన పేజీలు

యండమూరి వీరేంద్రనాథ్ గారి 'తులసిదళం' మీలో చాలామంది చదివే ఉంటారు. 1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వస్తున్నప్పుడు ఏ ఇంట్లో చూసినా దాని గురించే మాటలట. నేను మాత్రం మొన్నమొన్నటిదాకా ఆ నవల ముట్టుకోలేదు. వంటలు, చిట్కాలు, మహా అయితే ఓ కథ... అంతే నా చదువు. ఎవరైనా ఇవ్వబోయినా "చేతబడి కథలు నాకెందుకమ్మా" అని తప్పించుకునేదాన్ని.

అసలు కారణం వేరే ఉంది. మీతో చెప్పుకుంటే తప్పేముంది?

మా పాపకి తొమ్మిదో ఏట, అన్నం తింటూ తింటూ ఫిట్స్ వచ్చాయి. కళ్ళు తేలేసి, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటుంటే నా పైప్రాణాలు పైనే పోయాయి. "ఇది జబ్బు కాదు, గిట్టనివాళ్ళెవరో చేయించారు" అన్నారు అత్తయ్యగారు. మావారు తల్లి మాట కాదనలేకపోయారు. తాయెత్తులు, నిమ్మకాయలు, విభూతి... ఇలా రెండు నెలలు గడిచిపోయాయి. ఈలోగా మరో మూడుసార్లు వచ్చాయి. చివరికి నేనే మొండికేసి నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. మూడేళ్ళు పూట తప్పకుండా మాత్రలు వేశాం. ఆ తర్వాత డాక్టరుగారే మెల్లగా మాన్పించారు. ఇప్పుడు పాప ఇంటర్ చదువుతోంది. మందు మొదలుపెట్టాక మళ్ళీ ఒక్కసారి కూడా రాలేదు. కానీ ఆ రెండు నెలలు నా గుండెలో ముల్లులా ఉండిపోయాయి. అత్తయ్యగారిని పల్లెత్తు మాట అనలేదు. మరిచిపోనూ లేదు.

మొన్న వేసవిలో ఆవిడకి శుక్లం ఆపరేషన్ అయింది. కొన్నాళ్ళు కళ్ళకి శ్రమ ఇవ్వొద్దన్నారు. తోచక, ట్రంకుపెట్టెలోంచి ఓ బైండు పుస్తకం తీయించారు. ఆ రోజుల్లో వారం వారం పేజీలు చించి దాచుకుని, కుట్టించుకున్న 'తులసిదళం'! "అమ్మాయ్, రోజూ కాస్త చదివి పెట్టవే" అన్నారు. కాదంటే బాగుండదని అయిష్టంగానే మొదలుపెట్టాను.

ఏం చెప్పమంటారు! మూడోరోజుకే స్టవ్ మీద పప్పు మాడిపోయింది. మధ్యాహ్నం ఆవిడకి చదివింది చాలక, రాత్రి వంటింట్లో లైటు వేసుకుని ముందు పేజీలు దొంగతనంగా చదివేశాను. బీరువా తలుపు కిర్రుమంటే ఉలిక్కిపడ్డాను.

తులసి అనే చిన్నపాప మీద చేతబడి చేయిస్తారు. ఆ పిల్లని కాపాడుకోవాలని ఒకవైపు మంత్రాల దారి పట్టేవాళ్ళు, మరోవైపు ఇది జబ్బే అని వైద్యం చేసేవాళ్ళు. రచయిత రెంటినీ పక్కపక్కనే నడిపిస్తారు. ముగింపు చెప్పనులెండి, చదవనివాళ్ళు తిట్టుకుంటారు.

ఆ పాప అవస్థ చదువుతుంటే నా గొంతు పూడుకుపోయింది. పుస్తకం మూసేశాను. అత్తయ్యగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నారు. "అప్పట్లో ఈ డాక్టర్ల పేజీలు గబగబా తిప్పేసేదాన్నే. మంత్రగాడు ఏం చేస్తాడోనని ఆత్రం. అవే బుర్రలో ఉండిపోయాయి. పాపకి అలా అయినప్పుడు ముందు అవే గుర్తొచ్చాయి. నావల్ల రెండు నెలలు పోయాయి కదమ్మా."

ఎనిమిదేళ్ళుగా నేను ఎదురుచూసిన మాట అది. తీరా విన్నాక ఏమనాలో తోచలేదు. "చుక్కల మందు వేసే టైమైంది అత్తయ్యా" అంటూ లేచాను. చుక్కలు వేస్తుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు.

ఇలాంటి నవలలు మూఢనమ్మకాలు పెంచుతాయని అనేవాళ్ళున్నారు. కాదనను. అయితే మనం ఏ పేజీలు చదివి, ఏవి తిప్పేశామన్నది కూడా చూసుకోవాలి కదా! కథ కథలాగే చదువుకుందాం. ఇంట్లో పిల్లలకి ఫిట్స్ వస్తే మాత్రం చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా కుక్కడం చెయ్యకండి. పక్కకి తిప్పి పడుకోబెట్టండి. అయిదు నిమిషాలు దాటితే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి. తొందరగా తగ్గిపోయినా సరే, డాక్టరుకి చూపించడం మానకండి.

ఇప్పుడు అత్తయ్యగారి కళ్ళు బాగున్నాయి, తనే చదువుకోగలరు. అయినా రెండో భాగం 'తులసి' నాచేతే చదివించుకుంటున్నారు. ఒక్క పేజీ కూడా తిప్పనివ్వడం లేదు. నేను మాత్రం పప్పు ముందే దించేసి కూర్చుంటున్నాను!