పదహారో ఏటి నిర్ణయం

పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో భానూర్ ఒక గ్రామం. క్షిపణులను రూపొందించే భారత్ డైనమిక్స్ సంస్థ కర్మాగారం ఒకటి అక్కడ ఉన్నది. చుట్టుపక్కల పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడల్లో మందుల పరిశ్రమలు అనేకం. పదవ తరగతి ఫలితాలు వెలువడిన నాటి సాయంత్రం, ఆ ఊరిలోని ఒక కార్మికుని ఇంట ఒకే ప్రశ్న నిలిచింది. ఏ గ్రూపు తీసుకోవాలి?

కూతురు వైద్యురాలు కావాలని చిన్ననాటి నుండి కలలు కంటున్నది. 2022లో సంగారెడ్డిలోనే ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనప్పుడు ఆ కల మరింత చేరువైనట్లు తోచింది. తండ్రి మనసు మాత్రం వెనుకాడింది.

"ఎంపీసీ తీసుకో బిడ్డా! ఇంజనీరువైతే ఈడనే కొలువు దొరుకుతది. డాక్టరు సీటు రాకపోతే ఏం జేస్తవు?"

ఆ మాటకు ఆమె వద్ద సమాధానం లేకపోయింది. మరునాడు తనకు సైన్సు బోధించిన ఉపాధ్యాయినిని కలిసింది. ఆమె అంతా విని ఒక్క ప్రశ్న వేసింది.

"నీవు జీవశాస్త్రాన్ని కోరుకుంటున్నావా, లెక్కలకు భయపడుతున్నావా?"

బాలిక తల వంచుకున్నది. రెండూ నిజమే.

"భయంతో ఎంచుకున్న దారిలో ఆ భయమే ఎదురవుతుందమ్మా! నీట్‌లో 720 మార్కులు. జీవశాస్త్రానికి 360, తక్కిన సగం భౌతిక, రసాయనశాస్త్రాలది. లెక్క రానిదే భౌతికశాస్త్రం రాదు. అమెరికాలో ముందు డిగ్రీ చదువుతారు. అవసరమైన సైన్సు పాఠాలు పూర్తిచేస్తే, ప్రధాన విషయం సాహిత్యమైనా వైద్యవిద్యకు వెళ్లవచ్చు. మనకు పదహారో ఏటనే నిర్ణయం తప్పదు. ఇంటర్ తరువాత జీవశాస్త్రాన్ని అదనంగా చదివి నీట్ రాయడానికి 2023లో జాతీయ వైద్య కమిషన్ అనుమతించింది. కాని అది చుట్టుదారి."

"మరి సీటు రాకపోతే?"

ఉపాధ్యాయిని యల్లాప్రగడ సుబ్బారావు గారి కథ చెప్పింది. 1895లో భీమవరంలో జన్మించిన ఆయన మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్లారు. రోగుల మంచాల నడుమ కాక, ప్రయోగశాలలోనే జీవితం గడిపారు. ఆయన సోదరులను స్ప్రూ వ్యాధి బలిగొన్నది. 1945లో ఆయన నేతృత్వంలోని బృందం కృత్రిమంగా తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం ఆ వ్యాధి చికిత్సకే ఉపకరించింది.

"ప్రాణం నిలిపే పని స్టెతస్కోపుతోనే జరగదు. 2007లో వెలువడిన ఒక పరిశోధనను చూడు. మన పటాన్‌చెరు వ్యర్థజల శుద్ధి కేంద్రం నుండి బయటకు వచ్చే నీటిలో, సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు తేలింది. మందు మోతాదు తప్పిన చోట నీరే కీడు చేస్తుంది. దానిని కనిపెట్టడానికి రసాయనశాస్త్రం, సూక్ష్మజీవశాస్త్రం తెలిసినవారు కావాలి. ఫార్మసీ, నర్సింగ్, పశువైద్యం, వ్యవసాయం, ఇవన్నీ బైపీసీ వారికి తెరిచి ఉన్న ద్వారాలే. సీటు రాకున్నా ఈ చదువు నీకు ఇష్టమేనా? ఔనంటేనే ఆ గ్రూపు తీసుకో."

ఆ రాత్రి బాలిక తండ్రికి ఈ మాటలన్నీ చెప్పింది. చివరకు, "సీటు వస్తే వైద్యం చదువుతా నాన్నా. రాకపోతే మందుల చదువు చదువుతా. నీవు పనిచేసే చోట కూడా మందుల నాణ్యతను పరీక్షించేవారు ఉంటారు కదా!" అన్నది.

తండ్రి చాలాసేపు మాట్లాడలేదు. ఆయన రోజూ ఆ పరీక్షశాల అద్దాల తలుపు ముందు నుండే నడిచి వెళ్తాడు. ఏనాడూ లోపలికి అడుగుపెట్టలేదు.

"సరే బిడ్డా" అని దరఖాస్తుపై సంతకం చేశాడు.

ఆ వేసవిలో ఆమె మొట్టమొదట తెరిచినది భౌతికశాస్త్ర పుస్తకం.