బండి ఎక్కడుందండీ?

రైలు లేటని తెలిసి కూడా గంట ముందే స్టేషనుకు వెళ్ళి కూర్చునేవాళ్ళు ఇంటికొకరుంటారు. మా ఇంట్లో మా పెదనాన్నగారు. ఆయన ఎంక్వయిరీకి ఫోన్ చేసి "బండి ఎన్నింటికొస్తుంది?" అని ఎప్పుడూ అడగరు. "బండి ఎక్కడుందండీ?" అంటారు. మీరూ గమనించే ఉంటారు, మనలో చాలామంది అడిగేది అదే. "నలభై నిమిషాలు లేటు" అంటే మనకు నమ్మకం కుదరదు. "ఇప్పుడే డోర్నకల్ దాటింది" అంటే కుదురుతుంది. డోర్నకల్ అనగానే ఖమ్మం, మధిర, కొండపల్లి వరసగా కళ్ళముందుకొచ్చేస్తాయి. ఆటో ఎప్పుడు పిలవాలో, ఉప్మా తిని వెళ్ళచ్చో లేదో, ఆ ఒక్క ఊరి పేరుతోనే లెక్క తేలిపోతుంది.

పైగా మన బళ్ళకు నదుల పేర్లొకటి. "కృష్ణా రెండు గంటలు లేటట", "గోదావరి ఇంకా రాజమండ్రి రాలేదట", "పినాకిని ఇవాళ ఖాళీగా పోతోందట" అని ఫోన్లో మాట్లాడుకుంటుంటే కొత్తవాళ్ళెవరైనా వింటే కంగారు పడాలి. 1974 ఫిబ్రవరిలో మొదలైన గోదావరి ఎక్స్‌ప్రెస్సుకి యాభై ఏళ్ళు దాటాయి. రోజూ సాయంత్రం విశాఖపట్నంలో బయల్దేరి రాత్రంతా నడిచి పొద్దున్నే హైదరాబాదు చేరే ఆ బండి గురించి ఇన్నేళ్ళలో ఎన్ని ఫోన్లు మోగి ఉంటాయో ఊహించుకోండి.

ల్యాండ్‌లైను కాలంలో ఆ ఫోన్లన్నీ వెళ్ళింది 131కి. ఇప్పటి పిల్లలకు తెలియదు గానీ, అప్పట్లో ఇలాంటి మూడంకెల నంబర్లు ఇంటిల్లిపాదికీ నోటికొచ్చు. ట్రంకు కాల్ బుక్ చెయ్యాలంటే 180. ఎవరి నంబరైనా కావాలంటే 197. గడియారం ఆగిపోతే టైము చెప్పడానికి 174. ఫోను మూగబోతే 198, అదీ పక్కింటివాళ్ళ ఫోన్లోంచి. మిగతావన్నీ ఎలాగోలా దొరికేవిగానీ 131 మాత్రం దొరికేది కాదు. వేలు పెట్టి తిప్పడం, ఎంగేజ్ అని వినడం, మళ్ళీ తిప్పడం. వీధిలో ఒక్క ఇంట్లోనే ఫోనుంటే ఆ ఇంటావిడ మొహమాటానికి కాఫీ కూడా ఇచ్చేది. కాఫీ అయిపోయినా లైను కలిసేది కాదు.

కలిసిందా, అవతల ఒక అలసిపోయిన గొంతు. ఆయన వెనక స్టేషను అనౌన్సుమెంట్లు వినబడుతుండేవి, కిటికీ దగ్గర ఎవరో మనం అడిగిన ప్రశ్నే అడుగుతుండేవారు. ఆ గోల వినబడితేనే మనకు ధైర్యం. స్టేషన్లో కూర్చున్న మనిషి చెప్తున్నాడు కదా అని.

నిజానికి ఆయనకు మాత్రం ఎవరు చెప్పేవారు? ఇది కాస్త తీరిగ్గా చెప్పుకోవాల్సిన సంగతి. డివిజన్ ఆఫీసులో కంట్రోల్ అని ఒకటుంటుంది. అక్కడ సెక్షన్ కంట్రోలరు ముందు వెడల్పాటి చార్టు పరిచి ఉండేది. నిలువుగా స్టేషన్ల పేర్లు, అడ్డంగా గంటలు, నిమిషాలు. తన స్టేషనులోకి బండి ఎన్నింటికొచ్చిందో, ఎన్నింటికి వదిలాడో ప్రతి స్టేషన్ మాస్టరూ కంట్రోల్ ఫోన్లో చెప్తాడు. కంట్రోలరు చుక్క పెడతాడు. చుక్క చుక్కా కలిపితే ఒక్కో బండికి ఒక్కో గీత. గీత ఏటవాలుగా దిగుతుంటే బండి నడుస్తోందన్నమాట, అడ్డంగా సాగిందంటే ఎక్కడో నిలబడిపోయింది. అటు నుంచి వచ్చే గీతా ఇటు నుంచి పోయే గీతా ఎక్కడ కలుస్తాయో చూసి, ఎవర్ని ఆపాలి, ఎవర్ని వదలాలి అని ఆయనే నిర్ణయించాలి. సింగిల్ లైన్ల మీద అదొక చదరంగం.

ఎంక్వయిరీ గుమాస్తా నోటికి వచ్చేది ఆ చార్టులోని ఆఖరి చుక్క. అంటే ఒక స్టేషన్ వెనకటి కబురు. రెండు స్టేషన్ల మధ్య బండి ఉన్నంతసేపు అది ఎవరికీ కనబడేది కాదు. "ఖమ్మం వదిలిందండీ" అనేవాడు. వదిలాక ఏమైందో దేవుడికీ డ్రైవరుకీ గార్డుకీ తెలియాలి. అయినా ఆ మనిషి దగ్గర ఒక గొప్పతనముండేది. అడక్కపోయినా కారణం చెప్పేవాడు. "ముందు గూడ్సు పట్టుకుందమ్మా", "కాజీపేటలో ఇంజను మార్చారండీ", "బ్రిడ్జి దగ్గర నీళ్ళు, నిదానంగా వదుల్తున్నారు". ఆ మాటతో లేటు మీద కోపం సగం చల్లారేది.

2007లో 139 వచ్చింది. స్టేషన్ల వారీ గుమాస్తాల బదులు కాల్ సెంటర్లు, మనిషికన్నా ముందు మిషను గొంతు. ఇది తప్పు పట్టాల్సిన మార్పు కాదు. అంతమంది చేసే ఫోన్లకు ఏ గుమాస్తా తూగుతాడు? ఇప్పుడు 12 భాషల్లో పలుకుతుంది, తెలుగొకటి. 2020 నుంచి రైల్వేల ఫిర్యాదుల నంబర్లన్నీ ఒక్కొక్కటే ఇందులో కలిపేశారు. రక్షణ కోసం చేసే 182 కూడా 2021 ఏప్రిల్ 1 నుంచి ఇందులోకే వచ్చేసింది. 1 నొక్కితే భద్రత, వైద్య సాయం. 2 నొక్కితే ఎంక్వయిరీ. 3 తిండి మీద ఫిర్యాదు, 4 మామూలు ఫిర్యాదు, 5 లంచగొండుల మీద. అలా 9 దాకా పోతుంది.

ఇక్కడే మా పెదనాన్నగారికి తంటా. ఫోను చెవికి ఆనించుకుంటే తెర నల్లబడుతుంది. 2 నొక్కాలంటే చెవి దగ్గర్నుంచి తియ్యాలి. తీస్తే మిషను చెప్పేది వినబడదు. అంకెల పలక పైకి రావడానికి ఇంకెక్కడో నొక్కాలి. ఈలోగా "మీరు ఏ బటనూ నొక్కలేదు" అని ఆవిడ నొచ్చుకుంటుంది. "నొక్కుతున్నాను తల్లీ, ఆగు" అని ఈయన బతిమాలుతారు. రైలు నంబరు అయిదంకెలు, పీఎన్నార్ పదంకెలు. ఒక్కటి తప్పినా మళ్ళీ మొదటికే. పాత బటన్ల ఫోనున్న మా పనమ్మాయికి ఈ బాధ లేదు, టకటకా కొట్టేస్తుంది. స్మార్ట్‌ఫోను కొనిచ్చి పెద్దవాళ్ళని అభివృద్ధి చేశామనుకునే పిల్లలు ఈ సంగతి కొంచెం ఆలోచించాలి.

ఇంతకీ బండి రెండు స్టేషన్ల మధ్య కనబడకుండా పోయే రోజులు చాలావరకు పోయాయి. కంట్రోల్ చార్టు కంప్యూటర్లోకెక్కింది. వేల ఇంజన్లలో ఉపగ్రహాలతో మాట్లాడే పరికరాలు పెట్టారు, అవి 30 సెకన్లకోసారి బండి ఎక్కడుందో కబురు పంపుతాయి. అందుకే ఇప్పుడు బోగీలో ఎవడో కుర్రాడు ఫోను చూసి "ఇంకో నాలుగు నిమిషాల్లో డోర్నకల్" అని చదువుతుంటాడు, పక్కన కిటికీలోంచి డోర్నకల్ బోర్డు కనబడుతున్నా సరే.

మరి సమాచారం ఇంత ఖాయంగా తెలిసినప్పుడు లేటు గొడవ తీరాలి కదా? తీరలేదు. ఉదాహరణకు, మీ బండి సికింద్రాబాదులో పాతిక నిమిషాలు లేటు, నాంపల్లి చేరేసరికి రైట్ టైము! మధ్యలో రెక్కలేమీ రాలేదు. ఆ రెండు స్టేషన్ల మధ్య దూరం పది కిలోమీటర్లకు అటూఇటూ, టైంటేబుల్లో మాత్రం చాలా బళ్ళకు అరగంట పైనే రాసి ఉంటుంది. దారిలో పోగొట్టుకున్నది చివర్లో పూడ్చుకోవడానికి ముందే దాచిపెట్టిన టైము అది. బండి టైముకి నడిచిందా లేదా అని లెక్క కట్టేది చివరి స్టేషనులో, అక్కడ కూడా 15 నిమిషాల లోపు లేటు లేటు కిందికి రాదు. ఆఖరి స్టేషన్లో దిగేవాడికి బాగానే ఉంది. తాడేపల్లిగూడెంలో అర్ధరాత్రి బండి కోసం కూర్చున్నవాడి ముప్పావుగంట మాత్రం ఏ లెక్కలోకీ రాదు. నాకు ఇది న్యాయంగా తోచదు.

ఇక విజయవాడ సంగతి మీకు చెప్పాలా? కాజీపేట వైపు నుంచి, విశాఖ వైపు నుంచి, చెన్నై నుంచి, గుంటూరు నుంచి, గుడివాడ నుంచి, అన్నీ అక్కడికే రావాలి. ప్లాట్‌ఫారాలు 10. కాబట్టి రాయనపాడు దగ్గర బండి నిలబడుతుంది. ఫోనులో ఇంకో నాలుగు నిమిషాలే. బోగీలో అందరూ సామాన్లు దింపి వాకిట్లో నించుంటారు. నాలుగు నిమిషాలు అలాగే నలభై అవుతాయి. "అవుటర్లో పెట్టేశాడు" అంటాం, ఎవరో ఒక్కడు పనిగట్టుకుని పెట్టినట్టు.

దారి సంగతులు ఫోన్లో కనుక్కోవడానికి మనకు 139 ఉన్నట్టే, అమెరికాలో ఉన్న మనవాళ్ళకు 511 ఉంది. అక్కడి ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 2000 జులైలో ఆ నంబర్ని దేశమంతటికీ ప్రయాణ సమాచారం కోసం కేటాయించింది. అంతకుముందు ఒక్కో చోట ఒక్కో నంబరు, మొత్తం 300 పైచిలుకు. 2001లో సిన్సినాటి ప్రాంతంలో మొదలైంది. నడిపేది రాష్ట్రాలే గనక అంతటా లేదు, మనవాళ్ళు కిక్కిరిసి ఉన్న టెక్సాస్‌లో రోడ్ల సంగతి కనుక్కోవాలంటే వేరే పొడుగాటి నంబరు చెయ్యాలి. వాళ్ళడిగేది ఎక్కువగా రోడ్ల గురించి: ఎక్కడ మంచు పడింది, ఎక్కడ దారి మూశారు అని.

మనకు రోడ్ల నంబరు లేకపోలేదు. జాతీయ రహదారి మీద ప్రమాదమైనా, బండి చెడిపోయినా, టోల్‌గేటు దగ్గర పేచీ వచ్చినా 1033కి చెయ్యచ్చు. 2018 నుంచి ఉంది, రాసిపెట్టుకోండి. కానీ సంక్రాంతి ముందు హైదరాబాదు నుంచి బయల్దేరేవాళ్ళకు కావలసింది పంతంగి టోల్‌గేటు దగ్గర బారు ఎంతుందన్నది. దానికి ఇప్పటికీ మన నమ్మకం ఒక్కరి మీదే: మనకన్నా గంట ముందు బయల్దేరిన బావమరిది. "చౌటుప్పల్ దాటేశా బావా, మీరు మాత్రం ఇప్పుడే రాకండి" అని ఆయన ఫోన్ చేస్తాడు. అప్పటికి మనం హయత్‌నగర్లో ఉంటాం.

మళ్ళీ 139కి వస్తే, నాకు ఒకటే ఫిర్యాదు. మిషను ఎంత లేటో చెప్తుంది, ఎందుకో చెప్పదు. కారణం కంట్రోలుకు తెలుసు. మొన్న మా చుట్టాలు ఒక బండి కోసం తిండీ తిప్పలూ లేకుండా కూర్చున్నారు. బయల్దేరాల్సిన టైముకి కాస్త ముందు, నాలుగు గంటలు ఆలస్యంగా బయల్దేరుతుందన్నారు. ఆ పెట్టెలు వేరే బండిగా ఎదుటి ఊరి నుంచి రావాలి, అది దారిలోనే నాలుగు గంటలు లేటు. పొద్దుటి నుంచీ లేటే. ఆ ముక్క పొద్దున్నే ఫోన్లో చెప్పుంటే ఇంట్లో నిద్రపోయేవాళ్ళు. రైల్వేలో పనిచేసేవాళ్ళు, రోజూ తిరిగేవాళ్ళు ముందుగా చూసుకునేది ఈ లింకు బండి సంగతే. 139 తనంతట తానే ఆ ముక్క చెప్పే రోజు రావాలి.

అది వచ్చేలోపు మీరు చెయ్యాల్సింది చెప్తాను. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఒంటరిగా ప్రయాణమైతే గోడ క్యాలెండరు మీద 139 పెద్ద అంకెలతో రాయండి. దాని కింద రైలు నంబరూ, పీఎన్నార్ నంబరూ రాయండి. స్పీకర్ ఆన్ చేసుకుని నొక్కడం ఒకసారి దగ్గరుండి నేర్పండి. రాత్రిపూట దిగాల్సినవాళ్ళకు స్టేషను రావడానికి 20 నిమిషాల ముందు ఫోన్ చేసి లేపే ఏర్పాటు కూడా ఇదే నంబర్లో ఉంది, పెట్టించండి. ఈ అంకెల మెనూ అంతా వాళ్ళకు అక్కర్లేదు. స్టార్ గుర్తు నొక్కితే మనిషి పలుకుతాడు. "మా బండి పెట్టెలు ఏ బండివి, అది ఎక్కడుంది?" అని ఆయన్ని అడగమనండి.