అడవిదున్నల దీవికి ఆకాశం దారి

మన సినిమాల్లో ఫారిన్ నుంచి వచ్చే హీరో ఎలా దిగుతాడో మీకు తెలుసు. విమానం తలుపు తెరుచుకుంటుంది. నల్లకళ్లద్దాలు, చేతిలో సూట్‌కేసు, మెట్ల కింద పూలదండతో అమ్మ! కానీ ఫారిన్ వెళ్లి, అక్కడ విమానం అద్దెకు తీసుకుని, తనే నడుపుకునే మనవాడి కథ ఏ సినిమాలోనూ చూసినట్టు నాకు గుర్తులేదు. ఆ వేషం నేను వేశాను. హీరోగానా, కమెడియన్‌గానా అన్నది చివర్లో మీరే చెబుదురుగాని.

నేను పైలట్‌నే గానీ అది నా ఉద్యోగం కాదు. హైదరాబాదులో సరదాకొద్దీ నేర్చుకుని ప్రైవేటు పైలట్ లైసెన్సు తెచ్చుకున్నవాణ్ణి. అక్కా బావగారూ కాలిఫోర్నియాలో, లాస్ ఏంజిల్స్ పక్కన టారెన్స్ అనే ఊళ్లో ఉంటారు. "జూన్‌లో రారా, మూడు వారాలుండి పో" అంది అక్క ఫోన్లో. వెనకనుంచి పదేళ్ల మేనల్లుడి గొంతు: "మావయ్యా! ఏరోప్లేన్‌లో నన్ను కాటలీనా తీసుకెళ్లాలి. బఫెలోలు చూడాలి!"

టారెన్స్ ఒడ్డుకి ఎదురుగా, సముద్రంలో సుమారు ముప్పై అయిదు కిలోమీటర్ల అవతల ఉంది కాటలీనా దీవి. అక్కడ అడవిదున్నలెందుకున్నాయనుకున్నారు? సినిమా కోసమే! 1924లో ఒక మూకీ సినిమా షూటింగుకని 14 దున్నల్ని తెచ్చారని చెబుతారు. షూటింగయ్యాక హీరో, హీరోయిన్, డైరెక్టరూ ఇంటికెళ్లిపోయారు. దున్నలు మాత్రం ఉండిపోయాయి. వాటి సంతానం ఇప్పటికీ అక్కడే మేస్తోంది. ఇంతకన్నా మంచి కారణం సినిమా పిచ్చివాడికి ఇంకేం కావాలి? సరేనన్నాను.

ముందు కాగితాల రీలు

లైసెన్సుంది కదా, వెళ్లగానే ఎగిరెయ్యొచ్చనుకుంటే పొరపాటే. అమెరికాలో రిజిస్టరైన విమానం నడపాలంటే, మన లైసెన్సు ఆధారంగా వాళ్లొక సర్టిఫికెట్టివ్వాలి. ముందు దరఖాస్తు పెడితే ఓక్లహోమా సిటీలోని వాళ్ల ఆఫీసు, "ఫలానావారి లైసెన్సు నిజమైనదేనా?" అని ఢిల్లీని అడుగుతుంది. ఢిల్లీ అవుననాలి. దీనికి రెండు మూడు నెలలు పట్టొచ్చు. ఆ తర్వాత ఉత్తరం వస్తుంది. దానికి ఆర్నెల్లే గడువు. అందుకని నేను ఫిబ్రవరిలోనే మొదలుపెట్టాను. అక్కడ దిగాక ఉత్తరం, పాస్‌పోర్టు, లైసెన్సు, మెడికల్ పట్టుకుని స్వయంగా ఆఫీసుకెళితే సర్టిఫికెట్టు చేతికొచ్చింది. మన లైసెన్సు జేబులో ఉంటేనే అది చెల్లుతుంది. మన లైసెన్సుకున్న హద్దులే దానికీ వర్తిస్తాయి.

అయినా కథ అవలేదు. గంట పాఠం, గంట ఫ్లయింగ్ తక్కువ కాకుండా అక్కడి ఇన్‌స్ట్రక్టరుతో పరీక్ష కావాలి. నాకు తలనెరిసిన పెద్దాయన దొరికాడు. మన దగ్గర గాలి పీడనం హెక్టోపాస్కళ్లలో చెబుతారు, అక్కడ అంగుళాల్లో. నా చెవి 1013 కోసం వెతుకుతుంటే రేడియోలో 29.92 అంటారు! ఆ రేడియోలో మాటలా... మెయిల్ బండి స్పీడు! మొదటిరోజు "మళ్లీ చెప్పండి" అని ఆరుసార్లడిగాను. పెద్దాయన నవ్వలేదు. "అడగనివాడే ప్రమాదం" అన్నాడు.

అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది మరొకటి. మన దేశంలో ఇంకో ఊరికి ఎగరాలంటే ఫ్లయిట్ ప్లాను వెయ్యాలి, ఎయిర్ డిఫెన్సు క్లియరెన్సు నంబరు తెచ్చుకోవాలి. ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు "ఇవాళ కుదరదు" అంటారు. తిట్టుకుంటాం, ఇంటికెళ్లిపోతాం. అక్కడ మబ్బులేని రోజున చిన్న విమానానికి ఫ్లయిట్ ప్లాను తప్పనిసరి కాదు. పెద్ద విమానాశ్రయాల ఆకాశంలోకి అడక్కుండా దూరకపోతే చాలు. ఎంత స్వేచ్ఛ! నేను పొంగిపోతుంటే పెద్దాయన అన్నాడు: "వద్దనేవాడు లేడంటే, ఆ పని కూడా నువ్వే చెయ్యాలని అర్థం."

ఆ మాట అప్పుడు నా చెవికెక్కింది గానీ బుర్రకెక్కలేదు.

కాపీలో గీసిన గీతలు

నాలుగు రాత్రులు డైనింగ్ టేబుల్ మీద మ్యాపు పరిచి కూచున్నాను. మా విమానం సెస్నా 172. ఇంజను ఒక్కటే. అది ఆగిపోతే? వెయ్యి అడుగుల ఎత్తుకి సుమారు రెండున్నర, మూడు కిలోమీటర్లు తేలుతూ పోగలదు. అంటే 7,500 అడుగుల మీద వెళితే, సముద్రం మధ్యలో ఇంజను మూగబోయినా అటో ఇటో నేల అందుతుంది. లైఫ్ జాకెట్లు అద్దెకు తీసుకున్నాను.

సీట్లు నాలుగున్నా ట్యాంకులు నింపితే నలుగురు పెద్దవాళ్ల బరువు మోయడం కష్టం. బావగారి బరువడిగాను. ఆయన ఇల్లంతా చూసి, గొంతు తగ్గించి చెప్పారు. అక్క వెంటనే, "నేను రానులేరా, కింద ఒకళ్లుండాలిగా" అంది.

ఇక దిగే చోటు! చూయింగ్ గమ్ రిగ్లీ కుటుంబం రెండు కొండల తలలు చదును చేసి, మధ్య పల్లం పూడ్చి కట్టించిన రన్‌వే అది. 1946లో జనానికి తెరిచారు. 2019లో మిలిటరీవాళ్లు కొత్తగా కాంక్రీటు పోశారు. సముద్రానికి 1,602 అడుగుల ఎత్తు, 3,000 అడుగుల పొడవు. చివర్లలో కొండ జారుడు. మధ్యలో ఉబ్బు ఉండటంతో ఈ కొసనుంచి ఆ కొస కనబడదు. దిగేముందు గాలి కిందికి లాగుతుంది. పెద్దాయనతో ఒకసారి వెళ్లి మూడుసార్లు దిగి వచ్చాను. శనివారం మనవాళ్లతో వెళ్లొచ్చని ఆయన తలూపాడు.

శనివారం

జూన్‌లో ఆ తీరమంతా సముద్రం మీదినుంచి మబ్బు దుప్పటి కప్పుకుంటుంది. 'జూన్ గ్లూమ్' అని దానికి పేరే ఉంది. ఎండెక్కితే కరుగుతుంది, సాయంత్రానికి మళ్లీ వస్తుంది. పొద్దున్న ఎనిమిదికి టారెన్స్ ఫీల్డుకెళ్లాం. మబ్బు. పది... మబ్బు. పన్నెండు... మబ్బు. అల్లుడు తెచ్చుకున్న చిప్స్ అయిపోయాయి. ఆ ఫీల్డుకి ఆ ఊరివాడైన జాంపెరీని పేరు పెట్టారు. 1936 ఒలింపిక్స్‌లో పరుగెత్తినవాడు, యుద్ధంలో విమానం సముద్రంలో కూలితే తెప్ప మీద 47 రోజులు బతికినవాడు. 2014లో 'అన్‌బ్రోకెన్' సినిమా ఆయన కథే. ఆ బోర్డు కింద కూచుని సముద్రం వంక చూస్తుంటే నాకు ధైర్యం కలిగిందో భయం కలిగిందో చెప్పలేను.

రెండున్నరకి తెరుచుకుంది. దీవిలో కూడా తెరిపే అని రిపోర్టు. సోమవారం నా తిరుగు ప్రయాణం. ఇవాళ కాకపోతే ఇక లేదు. ఎక్కాం!

ఏడువేల అయిదువందల అడుగులు. కింద నీలం. అల్లుడి ముక్కు కిటికీ అద్దానికి అతుక్కుపోయింది. సగం దూరం దాటాక ముందు చూస్తే, దీవి స్థానంలో తెల్లటి దూది. రెండువేల అడుగుల శిఖరం ఒక్కటే, కొబ్బరిచెక్కలా పైకి తేలి ఉంది. రేడియో తిప్పితే దీవి ఆటోమేటిక్ రిపోర్టు చెప్పేసింది: మబ్బు నేలనంటింది.

అంతలో దూదిలో ఒక కంత తెరుచుకుంది. గోధుమరంగు కొండ, దాని మీద బూడిదరంగు గీత. రన్‌వే!

"అదిగో! కనబడుతోందిగా బావా, దించెయ్!" అన్నారు బావగారు. తప్పు ఆయనది కాదు, ఆయనకి తెలీదు. తెలిసిన నాకు కూడా చెయ్యి థ్రాటిల్ మీదికి వెళ్లింది. ఫిబ్రవరినుంచి పెట్టుకున్న ఖర్చు, నాలుగు రాత్రుల మ్యాపు, వెనక సీట్లో ఆ పిల్లాడు... అన్నీ "దించెయ్" అనే అంటున్నాయి. వద్దనేవాడు ఒక్కడూ లేడు. ఆ క్షణాన పెద్దాయన మాట బుర్రకెక్కింది. అలాంటి కంతల్ని నమ్మి దూరినవాళ్ల మీద అది మూసుకుపోతుందనీ, ఆ తర్వాత కొండ ఏదో మబ్బు ఏదో తెలీదనీ ఆయనే చెప్పాడు.

"వెనక్కి వెళ్లిపోతున్నాం" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

తిరిగి చూద్దును కదా, మేం వదిలొచ్చిన ఒడ్డు వైపు కూడా మబ్బు అంచు జరుగుతోంది. ఇంకో పావుగంట దీవి చుట్టూ ఆశతో తిరిగి ఉంటేనా? ఆ లెక్క వెయ్యాలంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. టారెన్స్‌లో దిగి విమానం కట్టేసేసరికి చక్రాలు తాకిన చోటు మసకబారింది. అల్లుడు ఒక్క మాట మాట్లాడలేదు. అక్క మాత్రం కారు దగ్గర నా చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు.

ఆదివారం పొద్దున్నే అందరం పడవెక్కాం. సుమారు గంట ప్రయాణం. అక్కణ్ణుంచి బస్సులో కొండెక్కుతుంటే మలుపులో నిలబడి ఉంది, నల్లటి మూపుతో, షూటింగ్ పిలుపు కోసం ఎదురుచూస్తున్న ఎక్స్‌ట్రా ఆర్టిస్టులా! "మావయ్యా, బఫెలో!" అని వాడు నా భుజమ్మీద ఎక్కేశాడు. మధ్యాహ్నం రన్‌వే కంచె పక్కన కూచుని చిన్న విమానాలు దిగడం చూశాం. ఆకాశం అద్దంలా ఉంది. ఒక్క మబ్బు లేదు.

"ఇవాళైతే మనమూ దిగేవాళ్లం కదా మావయ్యా?"

"దిగేవాళ్లమే అల్లుడూ."

నా లాగ్‌బుక్కులో ఆ శనివారం ఇలా ఉంది: టారెన్స్ నుంచి టారెన్స్‌కి, తొమ్మిది పదోవంతుల గంట. మళ్లీ వెళతాను. ఈసారి తిరుగు టిక్కెట్టుకి వారం ముందే కాటలీనా రోజు పెట్టుకుంటాను.