వంటగదికి ఇంకో అలారం కావాలి

నిన్న పెద్దమ్మని చూడ్డానికి వృద్ధాశ్రమానికి వెళ్లాను. చలికని వంటగది కిటికీలన్నీ మూసేశారు. రెండు పెద్ద గ్యాస్ పొయ్యిలు, మూలన బొగ్గుల కుంపటి. పొయ్యి మంట నీలంగా లేదు, పసుపుపచ్చగా ఎగుస్తోంది. గిన్నెల అడుగున మసి. గుండె గుభేలుమంది.

వంటావిడని అడిగితే గోడకి కింద బిగించిన పెట్టె చూపించి, "గ్యాస్ లీకైతే మోగుతుందమ్మా" అంది. నిజమే, కానీ అది సిలిండర్ గ్యాస్‌కి. బొగ్గుల నుంచి, సరిగ్గా కాలని మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌ని అది పట్టదు. సిలిండర్ గ్యాస్‌కి వాసన కలుపుతారు, ముక్కుకైనా తెలుస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది.

నాకు అన్నిటికన్నా భయం వేసేది ఇంకొకటి. ఆ గ్యాస్ పీలిస్తే వచ్చేవి తలనొప్పి, వికారం, మగత... 80 ఏళ్ల మనిషి ఇవి చెబితే "వయసు కదా" అనేస్తాం. వేలికి పెట్టే ఆక్సీమీటర్ కూడా మోసపోతుంది, అంతా బాగున్నట్టే అంకె చూపిస్తుంది.

కుంపటి ఆరుబయట పెట్టించి, కిటికీలు తీయించి వచ్చాను. కార్బన్ మోనాక్సైడ్ అలారాలు రెండు ఆర్డర్ చేశాను. ఒకటి వంటగదికి, ఒకటి పక్కనే పెద్దవాళ్లు పడుకునే హాలుకి. బర్నర్లు బాగుచేసే అబ్బాయి సోమవారం వస్తానన్నాడు.