బాటసారి హక్కు

గత ఇరవై ఎనిమిదేళ్లుగా నేను మదరసాలో హదీసు విద్య బోధిస్తున్నాను. ఇమామ్ బుఖారీ (రహ్మతుల్లాహి అలైహి) గారి సంకలనాన్ని విద్యార్థుల ముందు తెరిచిన ప్రతి సంవత్సరమూ ఒక కోరిక మనసులో మెదిలేది. ఆ మహనీయుడు పుట్టిన నేలను, ఆయన విశ్రమిస్తున్న చోటును జీవితంలో ఒక్కసారైనా కళ్లారా చూడాలని. మా పూర్వ విద్యార్థులు కొందరు పూనుకోవడంతో, అల్లాహ్ దయవల్ల 2019 అక్టోబరులో అది నెరవేరింది. పదకొండు మందిమి ఢిల్లీలో విమానం ఎక్కి, దాదాపు మూడు గంటల్లో ఉజ్బెకిస్తాన్ రాజధాని తాష్కెంట్‌లో దిగాము.

అక్కడి మస్జిదుల గురించి, నీలి గుమ్మటాల గురించి చాలామంది రాశారు. నేను అక్కడి మనుషుల గురించి రాయదలిచాను. వారి గురించి రాయాలంటే నా గురించి కూడా కొంత చెప్పుకోక తప్పదు.

ఆ దేశంలో మొదట నా కంటబడింది వారి పలకరింపు. కుడి అరచేతిని గుండెపై ఆనించి, తల కొద్దిగా వంచి సలాం చెబుతారు. కూరగాయలు అమ్మే ముసలమ్మ మొదలుకొని రైల్వే ఉద్యోగి వరకు అందరిదీ అదే పద్ధతి. తాష్కెంట్ మెట్రో రైలులో నా నెరిసిన గడ్డం చూసి ముగ్గురు యువకులు ఒకేసారి లేచి నిలబడ్డారు. కృతజ్ఞత తెలపడానికి వారు వాడే మాట ‘రహ్మత్’. మనం దుఆలో అల్లాహ్‌ను వేడుకొనే మాటను వారు బజారులో చిల్లర ఇచ్చిపుచ్చుకొనేటప్పుడు కూడా పలుకుతుంటే వినడానికి ఎంతో హాయిగా అనిపించింది.

మా బృందంలో నా చిన్ననాటి మిత్రులు, విశ్రాంత చరిత్ర అధ్యాపకులు ఒకరున్నారు. ఆయన హిందూ సోదరులు. తాష్కెంట్ నుంచి సమర్‌ఖండ్‌కు రెండు గంటలకు పైగా సాగిన రైలు ప్రయాణంలో కిటికీ అవతల పత్తి చేలు తెల్లగా విచ్చుకొని కనిపించాయి. “మౌల్వీ సాబ్, మన ఆదోని వైపు వెళ్తున్నట్టే ఉంది” అన్నారాయన. అంతలో ఎదుటి సీటులోని వృద్ధురాలు తన సంచిలో నుంచి గుండ్రని రొట్టె తీసి, ఒళ్లో గుడ్డ పరిచి, చేత్తో తుంచి, మొదటి ముక్క మా మాస్టారి చేతికిచ్చింది. తర్వాత నాకిచ్చింది. “హిందిస్తాన్?” అని ఒక్కటే ప్రశ్న అడిగింది. అవునని తలూపగానే ఆమె ముఖం విప్పారింది. “రాజ్ కపూర్!” అంటూ నవ్వింది. ఆమె మా మతం అడగలేదు, ఊరు అడగలేదు, పని అడగలేదు. వారు రొట్టెను కత్తితో కోయరు, బోర్లా పెట్టరు. అది అల్లాహ్ ప్రసాదించిన ఆహారమన్న గౌరవం.

ఇక నేను చెప్పదలచిన అసలు సంగతి సమర్‌ఖండ్‌లో జరిగింది. బీబీ ఖానుం మస్జిదు పక్కనే సియోబ్ బజారు ఉంది. అసర్ నమాజు తర్వాత కిస్‌మిస్ కొనడానికి ఆ బజారులోకి వెళ్లి, బయటికి వచ్చేసరికి మా వాళ్లు కనిపించలేదు. ఫోనులో చార్జింగు అయిపోయింది. హోటలు చీటీ కోటు జేబులో ఉంది, కోటు బస్సులో ఉంది. హోటలు పేరు ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. పరాయి దేశంలో సాయంత్రపు చలి మొదలవుతుండగా, యాభై దాటిన నేను తప్పిపోయిన పిల్లవాడిలా నిలబడిపోయాను.

సమర్‌ఖండ్‌లో చాలామంది ఇళ్లలో మాట్లాడేది తాజిక్, అంటే ఫార్సీయే. నలభై ఏళ్ల కిందట మదరసాలో షేఖ్ సాదీ ‘గులిస్తాన్’ చదువుకున్న ఫార్సీ నాకు కొంత మిగిలి ఉంది. రొట్టెలమ్మే ఒక పెద్దమనిషి దగ్గరికి వెళ్లి, ఆ పుస్తకాల ఫార్సీలోనే నా గోడు చెప్పుకున్నాను. మన సంతలో ఎవరైనా వచ్చి నన్నయ భాషలో కొత్తిమీర ధర అడిగితే ఎలా ఉంటుందో ఆయనకు అలాగే ఉండి ఉంటుంది. కళ్లు పెద్దవి చేసి విన్నాడు, ముసిముసిగా నవ్వాడు, ముక్కాలి పీట జరిపి కూర్చోమన్నాడు. వేడి రొట్టె తుంచి చేతిలో పెట్టాడు. తర్వాత తన బండిని పక్కవాడికి అప్పగించి, నా చెయ్యి పట్టుకొని ఇంటికి తీసుకువెళ్లాడు.

ఆ ఇంట్లో హైస్కూలు చదివే కూతురు ఉంది. ఆ అమ్మాయి ఫోను పట్టుకొని ఒక్కొక్క హోటలుకే చేసి, భారతదేశం నుంచి వచ్చిన బృందం ఉందా అని అడగసాగింది. ఈలోగా దస్తర్‌ఖాన్ పరిచారు. దానిమ్మ, ద్రాక్ష, ఎండు నేరేడు కాదు గాని నేను పేరెరుగని ఎండుపండ్లు, పచ్చ తేనీరు. ఆయన తేనీటిని గిన్నెలో పోసి తిరిగి కేటిల్‌లోకి వంపాడు. అలా మూడుసార్లు చేశాక సగం గిన్నె మాత్రమే నింపి నాకందించాడు. సగమే ఎందుకని అడిగితే, అతిథి గిన్నె నిండా పోయడమంటే ఇక వెళ్లిరమ్మని చెప్పినట్టట. కొంచెం పోస్తే మళ్లీ మళ్లీ పోయవచ్చు, అతిథి మరికొంతసేపు కూర్చుంటాడు.

మగ్రిబ్ నమాజు ఇద్దరం కలిసి చేసుకున్నాము. హోటలు దొరికింది. పొరుగింటివారి కారులో నన్ను అక్కడ దించాడు. నేను డబ్బు తీయబోతే చేతిని గుండెపై ఉంచి తల అడ్డంగా ఊపాడు. వెళ్తూ వెళ్తూ ఒక్క మాట అన్నాడు: “నేను మీ ఊరు వచ్చి దారి తప్పితే మీరూ ఇలాగే చేస్తారు కదా!”

“బలే” అన్నాను. ఫార్సీలో బలే అంటే అవునని అర్థం.

ఆ రాత్రి మాస్టారికి జరిగిందంతా చెప్పాను. ఆయన సంతోషంగా నిద్రపోయారు. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. నేను పలికిన ఆ ‘బలే’ అబద్ధమని నాకు తెలుసు.

అంతకు మూడేళ్ల ముందు, డిసెంబరు నెలలో, ఇషా నమాజు అయ్యాక ఒక యువకుడు మా మదరసా గేటు దగ్గరికి వచ్చాడు. ఇరవై ఏళ్లుంటాయేమో. భుజాన గోతం. కేబుల్ గుంతలు తవ్వే పనికి బీహార్ నుంచి వచ్చాడట. కూలి డబ్బులు అందలేదు, ఆఖరి బస్సు వెళ్లిపోయింది. ఫజర్ వరకు వరండాలో పడుకోనివ్వమని అడిగాడు. నేను ఆధార్ కార్డు చూపించమన్నాను. అది మేస్త్రీ దగ్గర ఉందన్నాడు. కమిటీవారి నిబంధన ఒప్పుకోదు, బస్టాండులో పడుకొమ్మని చెప్పాను. “కోయీ బాత్ నహీఁ, హజ్రత్” అని సలాం చేసి వెళ్లిపోయాడు. నేను గేటుకు తాళం వేశాను. ఆ రోజు ఉదయమే విద్యార్థులకు అతిథి మర్యాదల అధ్యాయం బోధించాను. అతిథి హక్కులను వేళ్లమీద లెక్కపెట్టి మరీ వివరించాను.

ఆ యువకుని కార్డు అడిగానే తప్ప పేరు అడగలేదు. ఈనాటికీ ఆ పేరు నాకు తెలియదు.

మరునాడు సమర్‌ఖండ్‌కు సమీపంలోని ఖర్తంక్‌లో ఇమామ్ బుఖారీ గారి సమాధి వద్ద నిలబడ్డాను. హదీసుల సేకరణ కోసం మక్కా, మదీనా, బస్రా, కూఫా, బాగ్దాద్ నగరాలు తిరిగిన ఆ మహా బాటసారి, చివరి రోజుల్లో అధికారి ఆగ్రహానికి గురై సొంత ఊరు బుఖారాను విడిచి, ఈ పల్లెలో బంధువుల ఇంట తలదాచుకుంటూ హిజ్రీ 256లో కన్నుమూశారు. దారి పొడవునా ఎందరు తలుపులు తెరిస్తే ఆయన ప్రయాణాలు సాగాయో! ఆ తలుపుల పుణ్యమే నేను బోధిస్తున్న గ్రంథం. నేనేమో అదే గ్రంథాన్ని చంకన పెట్టుకొని తలుపు మూశాను.

సోవియట్ పాలనలో ఆ దేశంలో మస్జిదులకు, మదరసాలకు తాళాలు పడ్డాయి. బుఖారాలోని మీర్ అరబ్ మదరసా కూడా మూతపడి, మళ్లీ 1940 దశకంలో తెరుచుకుంది. తరాల తరబడి సామాన్యుల పిల్లలకు ధర్మవిద్య అందలేదు. అయినా ఇళ్లలో అతిథి మర్యాద నిలిచింది. రెండవ ప్రపంచ యుద్ధంలో అనాథలైన పిల్లలు రైళ్లలో తాష్కెంట్‌కు చేరినప్పుడు, షాఅహ్మద్ షామహ్మూదోవ్ అనే కమ్మరి, ఆయన భార్య బహ్రీ కలిసి వేర్వేరు జాతులకు చెందిన పదిమందికి పైగా పిల్లలను తమ బిడ్డలుగా పెంచారు. ఆ కుటుంబానికి నగరంలో పెద్ద స్మారక శిల్పం ఉంది. వారి చేతిలోంచి గ్రంథాలను లాక్కున్నారు, ఆచరణ మిగిలింది. మా అలమరల నిండా గ్రంథాలున్నాయి. ఆచరణ మాటేమిటని నన్ను నేను ప్రశ్నించుకున్నాను.

అక్కడందరూ దైవదూతలేనని నేననను. బుఖారాలో ఒక టాక్సీ డ్రైవరు మా దగ్గర రెట్టింపు కిరాయి గుంజాడు. మరొక సంగతి కూడా ఒప్పుకోవాలి. నా దగ్గర పాస్‌పోర్టు ఉంది, తిరుగు టికెట్టు ఉంది, ఎక్కడో ఒక హోటలు గది నాకోసం ఎదురుచూస్తోంది. అటువంటి అతిథిని ప్రేమించడం కొంత తేలిక. దివ్య ఖుర్ఆన్ జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలలో ఒకటిగా పేర్కొన్న ‘ఇబ్నుస్సబీల్’, అంటే బాటసారి, నిజానికి నేను కాదు. గోతంతో నా గేటు ముందు నిలబడినవాడు.

తిరిగి వచ్చాక కమిటీ పెద్దల ముందు నా తప్పు చెప్పుకున్నాను. వారి అభ్యంతరాలూ అర్థం లేనివి కావు. అంతకు ముందోసారి మస్జిదు నీటి మోటారు దొంగతనానికి గురైంది. పిల్లలుండే చోట జాగ్రత్త అవసరమే. చివరికి వుజూఖానా పక్కన, రోడ్డువైపు తలుపున్న పాత సామాన్ల గదిని ఖాళీ చేయించాము. రెండు చాపలు, రెండు దుప్పట్లు, ఒక నీళ్లకుండ, ఒక రిజిస్టరు పెట్టాము. రిజిస్టరులో మొదటి గడి పేరు, రెండవది ఊరు. కార్డు వివరాలు ఉంటే మూడవ గడిలో రాస్తాము.

గది సిద్ధమైన కొద్ది వారాలకే, 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. మా మదరసా కర్నూలు సమీపాన 44వ నంబరు జాతీయ రహదారికి దగ్గరలో ఉంది. ఎండలు ముదిరేనాటికి కూలీలు ఆ రోడ్డు మీద ఉత్తరం వైపు నడిచిపోవడం మొదలుపెట్టారు. ఎవరిని చూసినా ఎవరికైనా భయంగా ఉన్న రోజులవి. నాకూ భయమేసింది. అయినా గేటు దగ్గర బకెట్లు, సబ్బు పెట్టి, దూరం నుంచే అన్నం వడ్డించాము. గది చాలక చెట్టు కింద కూడా చాపలు పరిచాము. వారిలో ఏ మతంవారు ఎందరో లెక్క మా దగ్గర లేదు. పేర్లు మాత్రం ఉన్నాయి. ప్రతి ముఖంలోనూ ఆ యువకుడి కోసం వెతికాను. అతడు కనిపించలేదు.

పాఠకులారా! విదేశాలకు వెళ్లి వచ్చినవారు అక్కడి అపరిచితులు ఎంత మంచివారో చెబుతుంటే మనం ముచ్చటపడి వింటాము. మన ఊరికి కూడా ప్రతిరోజూ అపరిచితులు వస్తూనే ఉన్నారు. మన వీధిలో కట్టే కొత్త ఇంటికి ఇటుకలు మోసేది వారే, చలికాలంలో దుప్పట్ల మూట మోసుకొని మన గుమ్మంలో నిలబడేది వారే. ఈసారి అటువంటివారు ఎదురైతే ముందు పేరు అడగండి. ఒక గ్లాసు నీళ్లివ్వండి. వీలైతే కొంచెంసేపు కూర్చోమనండి.

పేరు కూడా అడగకుండా నేను పంపివేసిన ఆ బాటసారి ఎక్కడున్నా అల్లాహ్ అతణ్ణి చల్లగా చూడుగాక. నన్ను క్షమించుగాక. ఆమీన్.