ముహూర్తాలు చూసి సరుకు రాసే గది

విజయవాడ వన్‌టౌన్‌లో వస్త్రలత కాంప్లెక్సు ముందు నుంచి వెళ్లేవాళ్లకు బట్టల వ్యాపారమంటే బేళ్లు, రిక్షాలు, హమాలీల కేకలు. నేను చూడాలనుకున్నది దాని వెనక జరిగే కాగితాల పని. గవర్నర్‌పేటలో మూడంతస్తుల బట్టల షాపున్న ఒక పెద్దాయన, "పైన పర్చేజ్ గది ఉంది, వచ్చి ఒక పూట కూర్చోండి" అన్నారు. 2026 సంక్రాంతి రద్దీ తగ్గాక వెళ్లాను. కింద పండగకు అమ్ముడుపోని సైజుల లెక్క తేలుస్తున్నారు. పైన అప్పటికే వేసవి పెళ్లిళ్ల సరుకు గురించి మాటలు నడుస్తున్నాయి.

గది చిన్నది. ఒక కంప్యూటరు, ట్యాగులు కొట్టే ప్రింటరు, బిల్లుల ఫైళ్లు, గోడకు క్యాలెండరు. అందులో మే 17 నుంచి జూన్ 15 దాకా ఎర్ర స్కెచ్ పెన్నుతో కొట్టేసి ఉంది.

"అధిక జ్యేష్ఠమండీ. ఆ నెల్రోజులూ పెళ్లిళ్లుండవు. అది చూసుకోకుండా ఆర్డరు పెడితే మునిగిపోతాం" అన్నారు పర్చేజ్ పని చూసే ఆవిడ. షాపులో అందరికీ ఆమె అక్క. బీకాం చదివి బిల్లింగ్ కౌంటర్లో చేరి, తర్వాత ఈ గదికి వచ్చారు.

సూరత్ వెళ్లి డిజైన్లు ఎంచుకొచ్చేది యజమాని తమ్ముడు. ఏ రేటులో ఎన్ని పీసులు కొనాలో ఆయన బయల్దేరేముందు రాసిచ్చేది మాత్రం ఈవిడే. అందుకు పాత అమ్మకాలు తీస్తారు గానీ, కంప్యూటరు చూపించే ఇంగ్లీషు నెలల లెక్కను ఉన్నదున్నట్టు తీసుకోరు. 2024 మే, జూన్ మూఢంలో పోయాయి. 2025 మేలో పెళ్లిళ్లు జరిగాయి. ఆ మే అమ్మకం చూసి ఈ మేకీ అంతే పట్టుచీరలు తెస్తే, చాలావరకు బీరువాల్లోనే ఉండిపోతాయి. శ్రావణమూ ఇంతే. వరలక్ష్మీ వ్రతం 2023లో ఆగస్టు 25న వచ్చింది, 2024లో 16న, 2025లో 8న. అందుకే ఆవిడ ఎక్సెల్ షీటులో తేదీ పక్కన తెలుగు నెలకు ఇంకో గడి ఉంది. శ్రావణం అమ్మకాన్ని పాత శ్రావణంతోనే పోలుస్తారు, ఆగస్టుతో కాదు. ఆషాఢంలో ఎంత తగ్గింపుకు ఎంత పాత సరుకు కదిలిందో వేరే గడిలో రాస్తారు. బీరువాలు ఖాళీ అయితేనే కదా శ్రావణానికి కొత్త సరుకు పట్టేది! ఏ సాఫ్ట్‌వేరు కంపెనీ చెప్పని ఈ పద్ధతిని ఆవిడే పెట్టుకున్నారు. నాకు చాలా గొప్పగా అనిపించింది.

నేనున్నప్పుడే సూరత్ బేలు ఒకటి దిగింది. కుర్రాడు కుట్టు విప్పి గోనె తీశాడు. ఆవిడ బిల్లు, ఎల్‌ఆర్ (లారీ రసీదు) కాపీ, తమ ఆర్డరు కాపీ మూడూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నారు. ఒక్కో డిజైనుకు ఎనిమిది రంగుల సెట్టు. కుర్రాడు రంగు పేరు చెప్పి చీర పక్కన పెడుతుంటే ఆవిడ టిక్కు పెడుతున్నారు. నాలుగో డిజైనులో వంగపండు రంగు రెండుసార్లు వచ్చింది, ఆవపసుపు లేదు. లెక్కకు ఎనిమిదీ ఉన్నాయి, బిల్లూ సరిగ్గానే ఉంది. "లెక్క చూసి వదిలేసే వాళ్లకి ఇది దొరకదండీ. పసుపు కోసం వచ్చిన పెళ్లివారు ఆగరు కదా" అంటూ రెండు చీరలకూ ఫోటో తీసి ఏజెంటుకు పంపారు. మార్చి ఇవ్వకపోతే డెబిట్ నోటే. ఇంకో చీర అంచు దగ్గర పోగు లాగేసి ఉంటే, దాన్నీ విడిగా పెట్టించారు. బార్‌కోడ్ ట్యాగు పడ్డాక ఇవి బయటపడితే తప్పు షాపుదే అవుతుందట.

ఇలా లారీలో వచ్చే సరుకు విలువ 50 వేలు దాటితే ఈ-వే బిల్లు ఉండాలి. దాని గడువు 200 కిలోమీటర్లకు ఒక రోజు. సూరత్ నుంచి ఇక్కడికి వెయ్యి కిలోమీటర్ల పైమాటే. దారిలో లారీ ఆగిపోతే, గడువు తీరే వేళకు ఎనిమిది గంటలు అటూ ఇటూగా పొడిగింపు చేయించాలి. రాత్రి పదింటికి ట్రాన్స్‌పోర్టు వాళ్లకు ఫోన్లు చేసిన రోజులున్నాయన్నారు. నెలనెలా 14న జీఎస్టీఆర్-2బీ (అమ్మినవాళ్లు తమ రిటర్నుల్లో చూపించిన బిల్లుల పట్టిక) వస్తే, ఏ వ్యాపారి తన రిటర్ను వేయలేదో చూసి వెంటపడాలి. లేకపోతే కట్టిన పన్ను మనకు తిరిగి జమకాదు.

వీటన్నిటికంటే ఆవిడకు బాగా గుర్తున్నది 2025 సెప్టెంబరు 22. దేవీ నవరాత్రులు మొదలైన రోజు, ఇంద్రకీలాద్రికి జనం బారులు తీరే రోజు. ఆ రోజే జీఎస్టీ రేట్లు మారాయి. అంతకుముందు వెయ్యి దాటిన రెడీమేడ్‌కు 12 శాతం. ఆ రోజు నుంచి 2,500 వరకు 5 శాతం, ఆపైన 18. చీరలకు మార్పు లేదు. కానీ చొక్కాలు, కుర్తాలు, లెహంగాలు అన్నిటికీ ముందురోజు రాత్రే సాఫ్ట్‌వేరులో రేట్లు మార్చాలి. మధ్యరకం లెహంగాలతో పెద్ద చిక్కొచ్చింది. 2,800 ట్యాగున్న పీసు తగ్గింపుతో 2,500కు వెళ్తే 5 శాతం, తగ్గింపు లేకపోతే 18. అమ్మిన ధరను బట్టే పన్ను. దాంతో ఈ ఏడు కొనుగోలే మార్చుకున్నారు. 2,500కు కాస్త పైన పడే లెహంగాలు తగ్గించి, లోపల పడేవి పెంచారు. ఢిల్లీలో తీసుకున్న నిర్ణయం గవర్నర్‌పేట బీరువాలో ఏ లెహంగా ఉండాలో తేల్చింది. ఆ లెక్క వేసింది ఈ గది.

సీజను బాగా సాగితే పేరు సూరత్ వెళ్లొచ్చిన వాళ్లకు వస్తుంది. ఈ కాగితాల పని చేసే వాళ్లను చాలా షాపుల్లో ఇంకా కంప్యూటర్ ఆపరేటర్ అనే రాస్తారు, జీతమూ ఆ లెక్కనే ఇస్తారు. ఇది అన్యాయం. ఆ మాట పెద్దాయనతోనే అన్నాను. ఆయన కాదనలేదు.

సాయంత్రం చెల్లింపుల జాబితా వేశారు. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్నులో కొత్త నిబంధన ఉంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న తయారీదారుకు రాతపూర్వక ఒప్పందం ఉంటే 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. దాటితే, ఇచ్చిన ఏడాదిలో తప్ప ఆ ఖర్చు లెక్కకు రాదు. ఉప్పాడ, మంగళగిరి, ధర్మవరం నుంచి చీరలు పంపేవాళ్లలో కొందరికి ఆ రిజిస్ట్రేషనే లేదు. చట్టం వాళ్లను కాపాడదు. అయినా ఆవిడ జాబితాలో మొదటి నాలుగు పేర్లూ వాళ్లవే.

"సూరత్ వాళ్లు ఒక వారం ఆగినా నడిపించుకుంటారండీ. మగ్గం మీద పోగు ఎక్కాలంటే వీళ్లకి ఇవాళ డబ్బు కావాలి" అని కాగితం పెద్దాయన ముందు పెట్టారు. ఆయన కళ్లజోడు పెట్టుకుని వరసగా సంతకాలు చేశారు.