కూర్చోబెట్టడమే సేవ కాదు



పక్షవాతం వచ్చి, ప్రాణం దక్కి, ఇంటికి చేరిన మనిషికి మన పల్లెల్లో మొట్టమొదట అమర్చేది ఒక కుర్చీ. వీధి అరుగు మీద నీడపట్టున వేసి, వెనక దిండు పెట్టి, పక్కన మంచినీళ్ల చెంబు ఉంచుతారు. పొద్దున చోడి అంబలి, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం టీ, అన్నీ ఆ కుర్చీ దగ్గరికే వస్తాయి. వచ్చేపోయేవాళ్లు పలకరించి పోతారు. ఇదంతా ప్రేమతోనే జరుగుతుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ ఊరికి వెళ్లినా ఇటువంటి కుర్చీ ఒకటో రెండో కనబడుతుంది. ఆ కుర్చీ గురించీ, అందులో గంటల తరబడి కూర్చున్న మనిషి రక్తంలోని చక్కెర గురించీ మా ఇంటి అనుభవంతో కలిపి నాలుగు మాటలు రాస్తున్నాను.

మాది చీపురుపల్లి దగ్గర ఒక పల్లె. 2022 నవంబరులో మా మావయ్యగారికి పక్షవాతం వచ్చింది. అప్పటికి ఆయన వయసు 67. వరి, నువ్వులు, గోగు పండించిన రైతు. గోగు కట్టలు చెరువులో నానవేసి, నడుం లోతు నీళ్లలో రోజంతా నిలబడి నార తీసిన మనిషి. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మాట మాత్రం దక్కింది. ఆయనకు షుగరు ఉందన్న సంగతి ఆసుపత్రిలోనే మొదటిసారి బయటపడింది. ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. భారత వైద్య పరిశోధనా మండలి సహకారంతో జరిగిన సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. దేశంలో సుమారు 10 కోట్ల మందికి మధుమేహం ఉన్నట్టు అందులో తేలింది. జబ్బు ఉన్నదని తెలియకుండానే రోజులు గడిపేవారు అనేకులు.

ఇంటికి వచ్చిన రెండో నెలలో వ్యాయామ వైద్యం చేసే అమ్మాయి ఒక పని చెప్పింది. "ఆయన పగలు ఎంతసేపు కూర్చుంటున్నారో ఒక రోజంతా రాసి తీసుకురండి" అన్నది. రాశాను. ఉదయం ఆరు నుంచి రాత్రి తొమ్మిది వరకు, పదిహేను గంటల్లో పన్నెండు గంటలు కుర్చీలోనే. రెండు గంటలకు పైగా మంచం మీద. నిలబడింది మూడేసార్లు. ఆమె ఆ కాగితం చూసి, "మందులు సరిగానే వాడుతున్నారు. ఇక అరగంటకొకసారి ఆయన్ని కుర్చీలోంచి లేపండి" అని చెప్పింది.

ఆ మాట ఇంట్లో చెప్పగానే అత్తయ్యకు కోపం వచ్చింది. "యాబై ఏళ్లు ఎండలో కట్టపడ్డాడు మీ మావ. ఇప్పుడైనా కూకోనివ్వవేటమ్మా?" అని కళ్లనీళ్లు పెట్టుకున్నది. ఆవిడ మాటలో న్యాయం లేకపోలేదు. కష్టపడ్డ మనిషిని కూర్చోబెట్టి చూసుకోవడమే మన వైపు మర్యాద. ఆవిడకు కాదని చెప్పాలంటే ముందు నాకే సంగతి పూర్తిగా అర్థం కావాలి. అందుకని డాక్టరుగారిని అడిగాను, దొరికినది చదివాను.

మనం తిన్న అన్నం, అంబలి అరిగి చక్కెరగా మారి రక్తంలో కలుస్తాయి. చోడి అంబలి మంచిదే గాని, అందులోనూ ఉన్నది పిండిపదార్థమే. పలుచగా కాచి గిన్నెడు తాగితే షుగరు పెరగదనుకోవడం సరికాదు. ఆ చక్కెరలో ఎక్కువ భాగాన్ని వాడుకునేది మన కండరాలు. ఒంట్లో పెద్ద కండరాలు తొడలవి, పిరుదులవి. కండలోకి చక్కెర పోవడానికి ఇన్సులిన్ తాళంచెవి వంటిది. అయితే కండ కదిలినప్పుడు ఆ తాళంచెవి సాయం లేకుండా కూడా కొన్ని తలుపులు తెరుచుకుంటాయి. కదలకుండా కూర్చుంటే అవి మూసుకొనే ఉంటాయి. పక్షవాతం వచ్చిన మనిషికి ఈ కష్టం రెట్టింపు. పడిపోయిన వైపు కండ వాడుక లేక చిక్కిపోతుంది, మిగిలినది ఇన్సులిన్ మాట సరిగా వినదు. అదుపు తప్పిన షుగరు రక్తనాళాలను పాడుచేస్తుంది. రక్తపోటు కూడా తోడైతే రెండోసారి పక్షవాతం వచ్చే ప్రమాదం పెరుగుతుంది.

కూర్చోవడం గురించి వైద్యులు ఆలోచించడం కొత్తేమీ కాదు. లండన్ రెండంతస్తుల బస్సుల్లో పనిచేసేవారిని జెర్రీ మోరిస్ అనే వైద్యుడు పరిశీలించి 1953లో ఫలితాలు ప్రకటించాడు. రోజంతా కూర్చుని బండి నడిపే డ్రైవర్లకంటె, మెట్లెక్కి దిగుతూ టిక్కెట్లు కొట్టే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా కనబడింది. తరువాత ఆస్ట్రేలియాలో మరికొన్ని పరీక్షలు జరిగాయి. 2012లో వెలువడిన ఒకదానిలో, అధిక బరువున్న 19 మందిని ప్రతి 20 నిమిషాలకు రెండు నిమిషాలు నడిపించారు. తిన్న తరువాత పెరిగే షుగరు తగ్గింది. 2016లో వెలువడిన పరీక్షలో 24 మంది మధుమేహ రోగులు అరగంటకొకసారి మూడు నిమిషాలు మెల్లగా నడిచారు, లేదా నిలుచున్నచోటనే మోకాళ్లు కొద్దిగా వంచి లేవడం, మడమలెత్తడం వంటివి చేశారు. వారికీ షుగరు తగ్గింది.

పక్షవాతం నుంచి బయటపడిన 19 మందితో ఇటువంటి పరీక్షే చేసి 2018లో ఫలితాలు ప్రకటించారు. నిలబడి చేసే చిన్న చిన్న వ్యాయామాల వలన వారి రక్తపోటు పై అంకె మూడున్నర పాయింట్లు తగ్గింది. షుగరులో మాత్రం అంతటి మేలు కనబడలేదు. అది ఒక్కొక్క రోజు చొప్పున చేసిన చిన్న పరీక్ష. గనుక లేచి నిలబడితే చాలు, మాత్ర అక్కరలేదు అని ఎవరైనా చెబితే నమ్మవద్దు. మందు మందే, తిండిలో మితం మితమే. వాటికి తోడుగా నిలవవలసినది కదలిక. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సలహా కూడా ఇదే: వికలాంగులు, దీర్ఘరోగులు సైతం కూర్చునే సమయం తగ్గించాలి, ఎంత కొద్దిగా కదిలినా మేలే.

ఇదంతా విడమరచి చెప్పినా అత్తయ్య మనసు మారలేదు. ఒక రాత్రి ఆయన్ని దొడ్లోకి తీసుకువెళ్లడానికి ఎత్తబోతే ఆవిడ నడుం పట్టేసింది. వారం రోజులు మంచం దిగలేదు. అప్పుడు మావయ్యగారే, "దాని నడుం ఇరగ్గొట్టి నేను కూకోడం ఏటి? లేపండి నన్ను" అన్నారు.

అరుగు పక్క గోడకు నడుం ఎత్తున ఒక వెదురు బొంగు గట్టిగా బిగించాము. కుర్చీని జరగకుండా గోడకు ఆనించాము. మొదట్లో ఆయనకు విసుగు. "ఊరికే లెగడం, ఊరికే కూకోడం. తిక్కలోడి పనిలాగుంది" అనేవారు. ఆ విసుగుకు మందు కనిపెట్టినది అత్తయ్యే. నూకల డబ్బా ఆ బొంగు చివర కట్టి, "కోళ్లకి మీరే ఎయ్యండి" అన్నది. ఇక గడియారంతో పని లేకపోయింది. కోళ్లు వచ్చి అరుస్తాయి, ఆయన పట్టు దొరికించుకుని లేస్తారు, గుప్పెడు నూకలు చల్లి, నాలుగు అడుగులు వేసి కూర్చుంటారు. అన్నం తిన్న తరువాత మాత్రం తప్పనిసరిగా ఎవరో ఒకరం పక్కన ఉండి రెండు మూడు సార్లు లేపేవాళ్లం.

మూడు నెలలకు, అన్నం తిన్న రెండు గంటల తరువాతి షుగరు 260 నుంచి 190కి వచ్చింది. ఆ మధ్యలో డాక్టరుగారు మాత్ర మార్చారు, మేము అన్నం తగ్గించి కూర పెంచాము. అందువలన ఇందులో నడక వాటా ఎంతో చెప్పలేను. ఇంకొక సంగతి మాత్రం లేవడం వలననే వచ్చిందని ఇంటిల్లిపాదీ నమ్ముతాము. ఏడో నెలలో ఒక రాత్రి ఆయన ఎవరినీ లేపకుండా, కర్ర పట్టుకుని దొడ్లోకి వెళ్లి వచ్చి పడుకున్నారు. తెల్లారి ఆ మాట చెప్పినప్పుడు ఆయన ముఖం చూడాలి! షుగరు అంకె డాక్టరుకు కావాలి. తన అవసరానికి తాను లేచి వెళ్లగలగడం ఆ మనిషికి కావాలి.

ఇటువంటివారు మీ ఇంట ఉంటే ఈ జాగ్రత్తలు పాటించండి. ఎంత కదలవచ్చునో ముందు డాక్టరును అడగండి. లేపే ముందు కుర్చీ అంచుకు జరిపి, పాదాలు రెండూ నేలకు ఆనించి, నిలబడ్డాక కళ్లు తిరుగుతున్నాయేమో అడిగి, తరువాతే అడుగు వేయించండి. మీరు పడిపోయిన వైపు నిలబడండి. ఆ చెయ్యి పట్టి ఎన్నడూ లాగవద్దు, భుజం కీలు జారుతుంది. నడుముకు తువ్వాలు కట్టి దానిని పట్టుకోవడం మేలు. తడి గచ్చు మీద, వదులు చెప్పులతో నడిపించవద్దు. స్పర్శ తెలియని పాదాలకు దెబ్బ తగిలినా తెలియదు గనుక రోజూ పాదాలు చూడండి. నిలబడలేనివారు కూర్చునే కాళ్లు చాచి ముడవవచ్చు, మోకాలు ఎత్తవచ్చు.

ఇన్సులిన్ గాని కొన్ని రకాల మాత్రలు గాని వాడేవారికి షుగరు పడిపోయే ప్రమాదం కూడా ఉన్నది. చెమటలు, వణుకు, మాట తడబాటు కనబడి, పరీక్షలో 70 కంటె తక్కువ ఉంటే, మింగగలిగినవారికి వెంటనే పంచదార నీళ్లు ఇవ్వండి. మింగలేనివారికి నోట్లో ఏమీ పోయవద్దు, ఆసుపత్రికి తీసుకుపోండి. ఉద్దానం వైపు మూత్రపిండాల జబ్బు ఎక్కువ. అక్కడివారు షుగరు మందు మోతాదు విషయం డాక్టరుతో తప్పక మాట్లాడాలి. మూతి వంకర, చెయ్యి వాలిపోవడం, మాట ముద్దగా రావడం మళ్లీ కనబడితే 108కి ఫోను చేయండి. గడ్డను కరిగించే సూది నాలుగున్నర గంటల లోపే పనిచేస్తుంది.

చివరగా ఒక విన్నపము. ఆదివారం ఆరాధన అయ్యాక మనం రోగులను చూడబోతాము. బన్నులు, బిస్కెట్లు, హార్లిక్స్ సీసా పట్టుకుపోయి, ఆయన కుర్చీ పక్కన మనమూ కూర్చుంటాము. ఈసారి వెళ్లినప్పుడు చేతిలో ఏమీ లేకపోయినా ఫరవాలేదు. ఇంటివారిని అడిగి, ఆయన్ని మెల్లగా లేపి, కబుర్లు చెబుతూ వీధి గుమ్మం దాకా నాలుగు అడుగులు తోడు నడవండి. ఆ కాసేపు ఆ ఇంటి ఇల్లాలికి నడుం వాల్చే వీలు దొరుకుతుంది.